కోలర్ కంటే ముందే తెలిసిన ఆకు

పన్ను పీకే ముందు చిగురుకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ చరిత్రను చాలామంది 1884 నుంచే చెబుతారు. కొకైన్ ద్రావణం చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుందని వియన్నా యువ వైద్యుడు కార్ల్ కోలర్ లోకానికి చాటింది ఆ ఏడాదే. మత్తిచ్చే ఈథర్ అప్పటికే ఉన్నా వాంతుల భయంతో కంటి ఆపరేషన్లకు అంతగా పనికొచ్చేది కాదు. కాబట్టి కోలర్ చేసిన మేలు చిన్నదేమీ కాదు. కానీ ఈ కథ అక్కడ మొదలవలేదు.

పెరూలోని నాన్‌చోక్ లోయలో పాత ఇళ్ల నేల కింద, కొకైన్‌కు మూలమైన కోకా ఆకులు, వాటితో వాడే సున్నం బయటపడ్డాయి. వాటి వయసు సుమారు 8 వేల ఏళ్లు. మనం తమలపాకుకు సున్నం రాసుకున్నట్టే ఆండీస్ కొండల్లోని కెచువా, ఐమారా ప్రజలు ఆకుల ఉండను బుగ్గన పెట్టుకుని సున్నమో, మొక్కల బూడిదో తగిలిస్తారు. ఆ క్షారంతోనే ఆకులోని గుణం బాగా దిగి, నాలుక, చిగుళ్లు తిమ్మిరెక్కుతాయి. పంటినొప్పికి, కడుపునొప్పికి, ఎత్తయిన చోట్ల వచ్చే తలపోటుకు అదే వాళ్ల మందు. ప్రయోగశాల ఊసే లేని రోజుల్లో ఈ జోడీని పట్టుకున్నారంటే ఎన్ని తరాల పరిశీలన ఉండాలి!

16వ శతాబ్దంలో వచ్చిన స్పెయిన్ మతపెద్దలు ఆ ఆకును దయ్యాల సరుకన్నారు. కానీ పొటోసి వెండి గనుల్లో ఆకు నమిలితే కూలీలు ఆకలినీ అలసటనూ ఓర్చుకుంటున్నారని తెలిశాక అదే ఆకు మీద వ్యాపారం పెరిగింది, పన్నులూ వసూలయ్యాయి. నొప్పి తీర్చే మందును వెట్టిచాకిరీకి వాడుకున్న ఆ క్రూరత్వం మరిచిపోరానిది.

1860లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆల్బర్ట్ నీమన్ ఆ ఆకుల నుంచి కొకైన్‌ను వేరుచేశాడు. నాలుక తిమ్మిరెక్కడం ఆయనా గమనించాడు. తర్వాత శుద్ధి చేసిన ఆ పొడి వ్యసనమై ఎందరినో కాల్చింది. దానికి బదులుగా 20వ శతాబ్దం మొదట్లో ప్రొకైన్, 1940లలో లిడోకైన్ అనే మత్తుమందులు వచ్చాయి.

ఆకులో కొకైన్ మామూలుగా ఒక శాతం లోపే. అయినా 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఆకు నమలడాన్నే 25 ఏళ్లలో మాన్పించాలంది. బొలీవియా 2012లో ఆ ఒప్పందం నుంచి వైదొలగి, తమ ప్రజలు ఆకు నమిలే హక్కును మినహాయించుకుని 2013లో తిరిగి చేరింది. పొడి చేసిన పాపానికి ఆకును శిక్షించడం అన్యాయం. మత్తుమందు చరిత్ర రాసేవాళ్లు ఇకనైనా కోలర్ కంటే ముందు కెచువా, ఐమారా ప్రజల పేరు రాయాలి.