ఎకరం లెక్కా? తడి లెక్కా?



ఈ వేళ మీకు ఒక లెక్క పుట్టిన చరిత్ర చెప్పదలచినాను. లెక్క అనగానే రేడియో కట్టివేయకండి. ఆ లెక్క తెలియక నేను ఒక రైతుకు నష్టము తెచ్చినాను. ముందు అది చెప్పుకుంటాను.

డిప్లొమా పుచ్చుకొని ఉద్యోగములో చేరిన తొలి యేడు. రబీకి ముందు ఒక పెద్దాయన వచ్చి, "బాబూ, ఉన్నది ఆరెకరాలు, ఒక బావి. ఏమి వెయ్యమంటావు?" అని అడిగినాడు. నేను కాగితము తీసి, ఎకరానికి వరి మీద ఎంత మిగులును, వేరుశనగ మీద ఎంత మిగులును అని కట్టి చూచినాను. వరి ఎక్కువ కనబడినది. ఆరెకరాలూ వరే వెయ్యమన్నాను. మాఘము దాటేసరికి బావి అడుగంటినది. పొట్ట మీద ఉన్న చేను రెండెకరాలు కళ్లముందే ఎండిపోయినది. ఆయన నన్ను తిట్టలేదు. "నువ్వు ఎకరానికి లెక్క చెప్పినావు బాబూ, నా బావికి చెప్పలేదు" అన్నాడు, అంతే.

ఆ మాటకు అర్థము వెతుక్కుంటూ పోగా, పుస్తకాలలో అది నన్ను రష్యా దేశపు చెక్కల కార్ఖానాకు తీసుకొనిపోయినది.

1938వ సంవత్సరము. లెనిన్‌గ్రాడ్ నగరము, ఇప్పుడు దానిని సెంట్ పీటర్స్‌బర్గ్ అంటున్నారు. అక్కడి ప్లైవుడ్ ట్రస్టు ప్రయోగశాల వారికి ఒక చిక్కు వచ్చినది. దుంగ నుండి పలుచని పొరలు ఒలిచే యంత్రాలు 8 ఉన్నవి. కలప 5 రకాలు. ఒక యంత్రము ఒక రకాన్ని చురుకుగా ఒలుచును, ఇంకొక రకము దగ్గర నెమ్మదించును. అయిదు రకాలూ ఒక నియమిత పాళ్లలోనే కావలెను. ఒకటి ఎక్కువై ఇంకొకటి తక్కువైతే పనికిరాదు. కొత్త యంత్రము కొనే మాట లేదు. ఉన్నవాటితోనే హెచ్చు సరుకు తీయుట ఎట్లు?

వారు లియొనీద్ కాంతొరోవిచ్ అనే గణిత శాస్త్రజ్ఞుని సలహా అడిగినారు. ఆయనకు అప్పటికి 26 ఏళ్లు. 22వ యేటనే ప్రొఫెసరు అయినవాడు. పొందికలన్నీ ఒక్కొక్కటే వేసి చూచుకుంటే తెమిలే పని కాదు. ఆయన వేరే దారి పట్టినాడు. కొరతగా ఉన్న ప్రతిదానికీ ఒక వెల అంకె కట్టి, ఆ అంకెల ప్రకారము ఏ యంత్రము ఏ పనిలో ఉంటే లాభమో తేల్చినాడు. అట్టి చిక్కే భూముల పంపకములోను, రవాణాలోను ఉన్నదని గ్రహించి, 1939లో ఒక చిన్న పుస్తకము వ్రాసినాడు.

దానికి వెంటనే ఆదరణ దొరకలేదు. సరుకు విలువ శ్రమను బట్టి వచ్చునని నమ్మిన ఆ దేశములో, కొరతకు వెల కట్టుట అనుమానాస్పదముగా తోచినది. 1942 నాటికే వ్రాసిన పెద్ద గ్రంథము 1959లో గాని అచ్చు కాలేదు. చివరకు 1975లో అర్థశాస్త్రానికి నోబెల్ బహుమతి, కూప్‌మన్స్ అనే ఆయనతో కలిపి, కాంతొరోవిచ్‌కు వచ్చినది.

ఈలోగా అమెరికాలో, ఆయన పని సంగతి తెలియకుండానే, జార్జి డాంట్జిగ్ 1947లో ఇట్టి లెక్కలను వరుసగా విప్పే పద్ధతి కనిపెట్టినాడు. పరీక్షకు ఒక తిండి లెక్క తీసుకున్నారు: 77 పదార్థాలలో ఏవి కొంటే, 9 రకాల పోషకాలు ఒక మనిషికి అతి చౌకలో అందును? స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త అంతకు ముందే, 1939 ధరల మీద ఏడాదికి 39 డాలర్ల 93 సెంట్లు అని అంచనా కట్టి ఉన్నాడు. చేతి యంత్రాలతో 9 మంది గుమాస్తాలు, మొత్తము 120 పనిదినాలు కూర్చుని విప్పితే 39 డాలర్ల 69 సెంట్లు తేలినది. 1951లో ఫ్రెడరిక్ వా అనే ఆయన ఇదే పద్ధతితో పాడి పశువుల దాణా ఖర్చు తగ్గించి చూపినాడు. ఆ దశకములోనే అయోవా రాష్ట్రములో ఎర్ల్ హెడీ మొదలైనవారు దీనిని పైర్ల ఎంపికకు తెచ్చినారు.

ఇక మన బావి దగ్గరకు వద్దాము. అంకెలు ఉదాహరణకు చెప్పుచున్నాను, మీవి మీరు వేసుకోండి. ఒక ఎకరానికి ఒకమారు నీరు పెట్టుట ఒక తడి అనుకుందాము. భూమి 6 ఎకరాలు. బావి ఆ పైరుకాలానికి 120 తడులు ఇచ్చును. వరి ఎకరానికి 30 తడులు తాగి 15,000 రూపాయలు మిగుల్చును. వేరుశనగ 10 తడులతో 9,000 మిగుల్చును.

అంతా వరి అంటే నీరు 4 ఎకరాలకే సరి. మిగిలేది 60,000, రెండెకరాలు బీడు. అంతా వేరుశనగ అంటే 54,000. సగము నీరు బావిలోనే ఉండిపోవును. మూడెకరాలు వరి, మూడెకరాలు వేరుశనగ వేసి చూడండి. వరికి 90, వేరుశనగకు 30, మొత్తము 120 తడులు సరిపోయినవి. మిగిలేది 72,000. ఒంటి పైరు ఏదీ దీనికి సాటి రాదు.

ఇప్పుడు కాంతొరోవిచ్ గారి వెల అంకెలు చూడండి. ఈ లెక్కలో ఒక తడి విలువ 300 రూపాయలు, ఒక ఎకరము విలువ 6,000. వరి ఎకరానికి 30 తడుల వెల 9,000, భూమి వెల 6,000, కలిపి 15,000, సరిపోయినదా? వేరుశనగకు 3,000, 6,000 కలిపి 9,000, అదీ సరి. కాబట్టి పక్క బావి నీరు తడికి 300 లోపు దొరికితే తీసుకోవచ్చును. కౌలు ఎకరానికి 6,000 దాటితే వద్దు. ఎవరో వచ్చి మొక్కజొన్న వేయమంటారు. 15 తడులు తాగి 10,000 మిగుల్చును, వేరుశనగ కంటే నయమే కదా అంటారు. దానికి నీరు 4,500, భూమి 6,000, కలిపి 10,500 పడును. ఎకరానికి 500 నష్టము. వద్దనండి. అయితే నీరుగాని ధరలుగాని బాగా మారితే పొందికే మారిపోవచ్చును. అప్పుడు మళ్లీ మొదటినుండి లెక్క వేయవలసినదే.

ఒక హెచ్చరిక. బావి తడులు నిరుటివి కావు, ఈ యేటి వానను బట్టి కొంత తగ్గించి వేసుకోండి. ఇంటి గింజలు, పశువుల గడ్డి ముందు తీసి పెట్టుకోండి. కార్ఖానాలో అయిదు రకాలూ తప్పనట్టే, మనకు ఇవి తప్పవు. కోతల వేళ కూలీలు కొరతైతే, ఆ కొరతను కూడా లెక్కలో చేర్చండి.

ఆ పెద్దాయన మరుసటి ఏడు మూడెకరాలే వరి వేసినాడు. నన్ను అడగలేదు. నేను గట్టు మీద నిలబడి చూచి నేర్చుకున్నాను. పైరు ఎంచుకునే ముందు, ఎకరానికి ఎంత అని ఒక్కటే అడగకండి. మీకు అన్నిటికంటే కొరతైనది ఏదో, దాని ఒక్కొక్క పాలుకు ఎంత మిగులును అని కూడా అడగండి.