జెల్లీ చేపలు: మానవులకు లాభనష్టాలు

జెల్లీ చేపలు నిడేరియా వర్గానికి చెందిన సముద్రజీవులు. వీటికి వెన్నెముక, మెదడు, గుండె ఉండవు. శరీరంలో 95 శాతం వరకు నీరే. 50 కోట్ల సంవత్సరాల నాటి శిలాజాల్లోనే వీటి ఆనవాళ్లు ఉన్నాయి. స్పర్శకాల మీద ఉండే దంశకణాలలో సన్నని గొట్టం చుట్టలా ఇమిడి ఉంటుంది. ఏదైనా తగలగానే అది బయటికి దూసుకొచ్చి విషం ఎక్కిస్తుంది. ఇందుకు ప్రాణి బతికి ఉండనక్కరలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చి చచ్చిపడి ఉన్నదాన్ని ముట్టుకున్నా దద్దుర్లు, మంట తప్పవు.

చైనీయులు వీటిని సుమారు 1,700 ఏళ్లుగా తింటున్నారు. ఉప్పు, పటిక పట్టించి, నీరంతా దిగిపోయాక కరకరలాడే ముక్కలుగా వండుకునే పద్ధతి నేటికీ ఉంది. ఆ తరవాత 18వ శతాబ్దంలో ప్రకృతి శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ వీటికి మెడూసా అని పేరు పెట్టేవరకు చెప్పుకోదగిన ఘట్టాలు తక్కువ.

వైద్యశాస్త్రానికి వీటి వల్ల తొలి మేలు విషం రూపంలోనే కలిగింది. 1901లో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ తన పరిశోధక నౌకలో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు షార్ల్ రిషే, పాల్ పోర్టియేలను సముద్రయానానికి తీసుకుపోయి, ఫైసేలియా విషాన్ని పరిశీలించమని సూచించాడు. ఫైసేలియా అసలు జెల్లీ చేప కాదు, దాని దగ్గరి బంధువు. ఫ్రాన్సుకు తిరిగి వచ్చాక వారు అదే వర్గపు సీ అనిమోన్ విషంతో కుక్కల మీద ప్రయోగాలు సాగించారు. మొదటి మోతాదును తట్టుకున్న కుక్కకు కొన్ని వారాల తరవాత అతి స్వల్పంగా ఇచ్చిన రెండో మోతాదు నిమిషాల్లో ప్రాణం తీసింది. అలవాటు రక్షణ ఇస్తుందన్న నమ్మకం తలకిందులైంది. 1902లో దీనికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు. పెన్సిలిన్, వేరుశెనగ, తేనెటీగ కాటు కొందరికి ప్రాణాంతకం కావడం దీనివల్లే అర్థమైంది. 1913 నోబెల్ బహుమతి రిషేకు దక్కింది.

ఇంతకంటె ఉజ్జ్వలమైనది ఒసాము షిమోమురా కృషి. నాగసాకిపై అణుబాంబు పడినప్పుడు ఆ పట్టణ సమీపంలోనే ఉన్న పదహారేళ్ల కుర్రవాడతడు. 1961 వేసవిలో అమెరికా పడమటి తీరాన ఫ్రైడే హార్బర్‌లో ఫ్రాంక్ జాన్సన్‌తో కలిసి ఈక్వోరియా విక్టోరియా అనే జెల్లీ చేపలను వలలతో వేలకొద్దీ పట్టి, వెలుగునిచ్చే అంచులను కత్తిరించి రసం తీశాడు. ఎంతకీ ఫలితం రాక ఒకనాడు ఆ రసాన్ని తొట్టిలో పారబోయగా అది నీలంగా భగ్గున మెరిసింది. తొట్టిలోకి వచ్చిన సముద్రపు నీటిలోని కాల్షియమే కారణం. అలా ఈక్వోరిన్, దానితోపాటు ఆకుపచ్చగా వెలిగే మరో ప్రోటీన్ దొరికాయి. 1992లో డగ్లస్ ప్రాషర్ ఈ రెండో ప్రోటీన్ జన్యువును వేరుచేశాడు. 1994లో మార్టిన్ చాల్ఫీ దాన్ని బాక్టీరియాలో, సూక్ష్మమైన పురుగులో వెలిగించి చూపాడు. రోజర్ చెన్ రకరకాల రంగులు సృష్టించాడు. బతికి ఉన్న కణంలో ఏ ప్రోటీన్ ఎప్పుడు ఎటు పోతున్నదో చూడటం ఈనాడు ప్రయోగశాలల్లో నిత్యకృత్యం. 2008 రసాయన నోబెల్‌ను షిమోమురా, చాల్ఫీ, చెన్ పంచుకున్నారు. ఒక బహుమతికి ముగ్గురే అన్న నియమం ప్రాషర్‌ను బయట నిలిపింది.

ప్రాణాపాయం విషయంలో ఆస్ట్రేలియా ఉత్తర తీరం ముందుంటుంది. అక్కడి కైరోనెక్స్ ఫ్లెకరీ కుడితే నిమిషాల్లో గుండె ఆగిపోవచ్చు. 1970లో దీనికి విరుగుడు మందు వచ్చింది. వేలి గోరంత ఇరుకాంజీ జెల్లీ చేప కాటు ప్రభావం తేల్చడానికి కెయిర్న్స్ వైద్యుడు జాక్ బార్న్స్ 1961లో తనను, తొమ్మిదేళ్ల కొడుకును, ఒక తీర రక్షకుణ్ణి కుట్టించాడు. ముగ్గురూ ఆసుపత్రి పాలయ్యారు. ఆ జాతికి ఆయన పేరే పెట్టారు. ఆ తీరంలో కుట్టినచోట వెనిగర్ పోయడం ప్రథమ చికిత్స. మంచినీళ్లతో కడిగితే మిగిలిన దంశకణాలు కూడా పేలే ప్రమాదం ఉంది.

నష్టాలు తరచు వీటి గుంపుల వల్ల వస్తాయి. 2007లో ఉత్తర ఐర్లండులో జెల్లీ చేపల గుంపు దాడికి పెంపకపు సాల్మన్లు లక్షకు పైగా చనిపోయాయి. 2009లో జపాన్ తీరంలో రెండేసి వందల కిలోల దాకా తూగే నొముర జెల్లీ చేపలు నిండిన వలను లాగబోయి పది టన్నుల పడవ బోల్తాపడింది. 2013లో స్వీడన్‌లోని ఆస్కర్‌షామ్ అణువిద్యుత్ కేంద్రంలో చల్లబరిచే నీటి మార్గాలు జెల్లీ చేపలతో మూసుకుపోయి ఒక రియాక్టరు ఆగింది. తమిళనాడులోని కల్పాక్కం కేంద్రానికీ ఈ బెడద ఉంది.

ఆంధ్ర తీరంలో ఇవి వలలకు బరువు, చేతులకు దురద తప్ప మరేమీ కాదన్నట్టు చాలాకాలం గడిచింది. స్థానికంగా తినేవారు లేరు. ఎగుమతి వ్యాపారం మొదలయ్యాక క్రాంబియోనెల్లా జాతివాటిని పట్టి, ఉప్పు, పటిక పెట్టి చైనా తదితర తూర్పు దేశాలకు పంపుతున్నారు. గుంపులు ఒక ఏడు విస్తారంగా వచ్చి మరో ఏడు కనిపించకపోవడంతో ఈ ఆదాయానికి నిలకడ లేదు.