టైపు విద్య: స్వయంశిక్షణము, గురుశిక్షణము

రజతోత్సవ సంచికకు ఒక చరిత్రవ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరినపుడు, దేవాలయ శాసనమును గూర్చియో గ్రామనామమును గూర్చియో వ్రాయుదునని పలువురు తలచియుందురు. వానికి సమర్థులు ఈ సంచికలోనే వేరుగ నున్నారు. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. కాగితమునకును చేతికిని గల సంబంధమే నాకు తెలిసిన విషయము. మన గ్రంథాలయమున సాయంకాలము కంప్యూటరు ముందు కూర్చుండు పిల్లలను చూచుచుందును. రెండు వ్రేళ్లతో, పప్పులో రాళ్లేరినట్లు, ఒక్కొక్క మీటను వెదకి కొట్టుచుందురు. పద్ధతిగా నేర్చుకొనరాదా యనిన, “మాకు వచ్చును గదా, మరల నేర్చుకొననేల?” అందురు. ఈ ప్రశ్న నూటనలువది యేండ్ల క్రిందటనే అమెరికాదేశమున పుట్టినది. అచ్చట దానికి లభించిన సమాధానమే ఈ వ్యాసమునకు విషయము.

భారతము చదివినవారికి ఆదిపర్వమందలి ఒక చిన్న కథ జ్ఞాపకముండును. అర్జునునకు చీకటిలో అన్నము పెట్టవలదని ద్రోణుడు వంటవానికి రహస్యముగ చెప్పియుంచెను. ఒకనాటి రాత్రి భుజించుచుండగా గాలికి దీప మారిపోయెను. అయినను చేయి తప్పక నోటికే పోయెను. ఇది కంటి పని కాదు, అభ్యాసముయొక్క పని యని అర్జునుడు గ్రహించి, నాటినుండి చీకటిలో విల్లు సాధనచేసెను. అల్లెత్రాటి మ్రోత విని ద్రోణుడు వచ్చి శిష్యుని కౌగిలించుకొనెను. కంటితో పని లేక చేయి తన స్థానమును తానెరుగుటయను ధర్మమును ఇంతకంటె తేటగ చెప్పిన కథ నాకు తెలిసినంతలో మరియొకటి లేదు. టైపు విద్యయొక్క మర్మమంతయు ఇందులోనే యున్నది.

ఇక యంత్రముమాట. అమెరికాలోని మిల్వాకీ నగరమున క్రిస్టఫర్ షోల్సు అను పత్రికాముద్రకుడు, గ్లిడెన్, సూలే అను మిత్రులతో కలిసి వ్రాతయంత్రమును నిర్మించి 1868లో దానికి పేటెంటు పొందెను. తుపాకులును కుట్టుయంత్రములును చేయు రెమింగ్టన్ కంపెనీవారు 1873లో దానిని తయారుచేయుటకు ఒప్పుకొని, 1874లో అమ్మకమునకు పెట్టిరి. వెల 125 డాలర్లు. కుట్టుయంత్రపు బల్లమీదనే దానినిగూడ అమర్చిరి. కాగితమును వెనుకకు త్రిప్పుటకు కాలితో త్రొక్కు పలక సైతము ఉండెను. పెద్ద అక్షరములు మాత్రమే పడెడివి. అచ్చులు కాగితమునకు అడుగునుండి కొట్టుకొనుటచే, కొట్టిన పంక్తి కొంత పైకి జరుగువరకు కంటికి కనబడెడిది కాదు. కావున కొట్టువాడు కాగితమును చూచి ప్రయోజనము లేక, మీటలనే చూచుచు కూర్చుండెను. నేటి ఇంగ్లీషు మీటల వరుస చాలవరకు ఆ కాలమున ఏర్పడినదే. అట్లేల ఏర్పరచిరో పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఆ వివాదములోనికి నేను పోను.

ఆ దినములలో టైపు నేర్పు గురువులు లేరు. యంత్రమే క్రొత్తది, గురువెక్కడనుండి వచ్చును? కొన్న ప్రతివాడును స్వయంశిష్యుడే. ఎవనికి తోచినన్ని వ్రేళ్లు వాడు ఉపయోగించెను. ఈ స్థితిని మార్చిన గౌరవము సిన్సినాటి నగరమున షార్టుహాండు, టైపు పాఠశాల నడపిన శ్రీమతి ఎలిజబెత్ లాంగ్లీకి చెందవలెను. ఆమె 1882లో టైపు పాఠముల పుస్తకమును ప్రకటించి, రెండుచేతుల ఎనిమిది వ్రేళ్లకును మీటలను పంచియిచ్చెను. అంతకు ముందేడు, 1881లో, న్యూయార్కునందలి యువతీసంఘమువారు స్త్రీలకు టైపు తరగతి తెరచిరి. అనగా ఈ విద్య పాఠశాల కెక్కినది ముఖ్యముగ స్త్రీలమూలముననే. తరువాత జరిగిన పందెపు సందడిలో లాంగ్లీగారి పేరు మరుగున పడినది. ఇది నాకు న్యాయముగ తోచదు.

ఆ పందెములో గెలిచినవాడు ఫ్రాంక్ మెక్‌గర్రిన్. 1878 ప్రాంతమున అతడు మిషిగన్ రాష్ట్రములోని గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక న్యాయవాది కచేరీలో పనిచేయు కుర్రవాడు. టైపు తానే నేర్చుకొని, తన నేర్పునకు కొంత గర్వించుచుండెను. ఆ గర్వ మణచుటకై యజమాని ఒకనాడు, “ఫలాని కచేరీలో ఒక బాలిక కిటికీలోనుండి బయటికి చూచుచు టైపు కొట్టుచున్నది, నేను కన్నులార చూచితిని” అని చెప్పెనట. ఒక బాలికకు సాధ్యమైనది తనకేల కాదని కుర్రవాడు పట్టుదలతో మీటల స్థానములన్నియు కంఠస్థము చేసి, ప్రతి వ్రేలికిని దాని పని నిర్ణయించి, చూడకుండ కొట్టుట సాధించెను. తీరా విచారింపగా, ఆ బాలికకు చూడకుండ కొట్టుట తెలియనే తెలియదట! యజమాని చెప్పినది కల్పన. ఏకలవ్యునకు మట్టిద్రోణుడు గురువైనట్లు, ఇతనికి లేని బాలిక గురువైనది. టైపురైటరు చరిత్ర వ్రాసినవారు ఈ కథను చెప్పుచున్నారు. నేను నమ్ముచున్నాను. విద్యలో ఈర్ష్య చేయు పని మనకు తెలియనిది కాదు గదా.

1888 జూలై 25వ తేదీన సిన్సినాటిలో మెక్‌గర్రిన్‌కును లూయీ ట్రాబ్ అను టైపు ఉపాధ్యాయునకును 500 డాలర్ల పందెము జరిగెను. అప్పటికి మెక్‌గర్రిన్ సాల్ట్‌లేక్ నగరమున న్యాయస్థాన లేఖకుడు. అతనిది రెమింగ్టన్ యంత్రము. ట్రాబ్‌ది కాలిగ్రాఫ్ యంత్రము. దానికి పెద్ద అక్షరములకొక మీట, చిన్న అక్షరములకొక మీట చొప్పున మొత్తము 72 మీటలు, ఆరు వరుసలు. పందెము రెండు భాగములు: మొదట చెప్పుచుండగా విని కొట్టుట, పిమ్మట వ్రాసియున్నదానిని చూచి కొట్టుట. ఒక్కొక్కటి 45 నిమిషములు. రెంటను మెక్‌గర్రినే గెలిచెను. కాని చదువరులు గమనింపవలసినది గెలుపు కాదు. విని కొట్టునపుడు ట్రాబ్ కన్నులకు మీటలు చూచుట యొక్కటే పని. కాగితము చూచి కొట్టునపుడు ఆ కన్నులే కాగితమునకును మీటలకును మాటిమాటికి తిరుగవలసివచ్చెను. అందుచే అతని వేగము తగ్గినది. మెక్‌గర్రిన్ కన్ను కాగితమును విడువలేదు. కావున అతని వేగము రెండవ భాగమున పెరిగినది. లెక్కలు ఎత్తివ్రాయు నాబోటివానికి ఈ సూక్ష్మము వెంటనే బోధపడును. మూలముమీద కన్ను నిలిచినవాడే పంక్తి తప్పడు.

ఈ వార్త అనేక పత్రికల మొదటిపుటల కెక్కెను. మరుసటియేడు 1889లో బేట్స్ టోరీ అను నతడు టైపు బోధనకు గ్రంథము వ్రాసి, ఈ పద్ధతిని స్పర్శపద్ధతియని వ్యవహరించెను. చూడకుండ కొట్టినవారిలో మెక్‌గర్రినే మొదటివాడా యనునది వివాదగ్రస్తమే. లోకమునకు మొదట తెలిసినవాడు మాత్రము అతడే.

ఇచ్చట ఒక చిక్కు కలదు. పద్ధతికి జయము తెచ్చినవాడు గురుశిక్షితుడు కాడు. ఓడినవాడు స్వయముగ ఉపాధ్యాయుడు! కాబట్టి స్వయంశిక్షణము తక్కువది, గురుశిక్షణము గొప్పది యని ఈ చరిత్రనుండి తీయుటకు వీలులేదు. నాకు అమరము చెప్పిన గురువు ఈ గ్రంథాలయపు బీరువాయే గనుక, అట్లు తీయుట నాకు ఇష్టమును కాదు. అయితే మెక్‌గర్రిన్ చేసినదియు మన పిల్లలు చేయునదియు ఒకటి కాదు. అతడు గురువు లేకున్నను నియమమును కల్పించుకొనెను. ఇందఱిది నియమము లేని అలవాటు.

అలవాటు మార్చుటలోని కష్టమును 1897, 1899 సంవత్సరములలో బ్రయన్, హార్టర్ అను పరిశోధకులు తంతివార్తల ఉద్యోగులయందు పరిశీలించిరి. అభ్యాసకుడు మొదట అక్షరమక్షరముగ, పిదప మాటమాటగ గ్రహించును. నడుమ ఎంత శ్రమించినను వేగము పెరుగని దశ యొకటి వచ్చును. విలియం బుక్ అను పండితుడు టైపు నేర్చువారిని గూర్చి ఇట్టి పరిశోధనమునే చేసి 1908లో ప్రకటించెను. మన పిల్లలు గుణింతము కూడబలుకుకొనుచు చదువుట మాని ఒక్కసారిగ మాట చదువుట మనమెరిగినదే. రెండు వ్రేళ్లవాడు పది వ్రేళ్లకు మారినపుడు మొదట వేగము తగ్గును. పదిమందిలో ఎక్కువమంది అక్కడనే భయపడి పాతదారి పట్టుదురు. పట్టణములలోని టైపు ఇన్‌స్టిట్యూట్లు చేసిన ఉపకారము ఇదియే. మొదటి దినమున “ఏ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్” అని ఎడమచేతికి పాఠము పెట్టి, అది కుదురువరకు ముందుకు పోనిచ్చెడివారు కారు. నిమిషమునకు 30 మాటలు లోయరునకు, 45 మాటలు హయ్యరునకు. ఎందఱు గుమాస్తాల కుటుంబములు ఆ రెండు అంకెలమీద నిలిచినవో లెక్కింపజాలము. గోద్రెజ్ వారు 1955లో తొలి స్వదేశీ టైపురైటరును చేసిరి. 2009లో తయారీ ఆగిపోయినది. ఆ చప్పుడు నిలిచినను ఉద్యోగపరీక్షలలో వేగము చూపవలసిన అవసరము నిలువలేదు.

తెలుగునకు వచ్చునప్పటికి ఈ విద్య మరింత అవసరము. ప్రభుత్వపు పూనికతో 1980 దశకమున భారతీయ భాషలకన్నిటికిని ఇన్‌స్క్రిప్టు అను ఒకే మీటల ఏర్పాటు సిద్ధమైనది. ఎడమచేతికి అచ్చులు, గుణింతములు, కుడిచేతికి హల్లులు. సవ్యసాచికి తగిన ఏర్పాటు! కాని మన గ్రంథాలయపు మీటలమీద తెలుగు అక్షరములు లేవు, ఇంగ్లీషువి మాత్రమే యున్నవి. తెలుగు కొట్టదలచినవాడు మీటను ఎంతసేపు చూచినను దొరకునది ఏమియు లేదు. అందుచే పిల్లలు అమ్మ యను మాటనుగూడ ఇంగ్లీషు అక్షరములు కూర్చి కొట్టుచున్నారు. చూడకుండ నేర్చినవానికి ఆ ఇబ్బంది లేదు, వాని తెలుగు వాని వ్రేళ్లలో నుండును.

ఈ విషయము కార్యదర్శిగారితో ముచ్చటింపగా, తెలుగు అక్షరముల చీటీలు మీటలకు అంటింతమా యని అడిగిరి. వలదంటిని. అంటించిన, చూచుట మరల మొదలగును. మీటల పటమును పెద్ద అక్షరములతో నేనే గీచి యిచ్చితిని. అది ఇప్పుడు కంప్యూటరునకు ఎదురుగోడమీద, తల ఎత్తి చూడవలసినంత యెత్తున, తగిలింపబడియున్నది.