ఊరూవాడా: పక్కపక్కన పెట్టడం గురించి



బళ్లో తెలుగు మాస్టారు ద్వంద్వ సమాసం చెప్పారు. రెండు పదాలు పక్కపక్కన చేరతాయి, రెండింటికీ సమాన ప్రాధాన్యం ఉంటుంది అన్నారు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు. నేను 'ఊరూవాడా' అని ఉదాహరణ రాశాను. మార్కు పడింది. ఆ సాయంత్రం మా జంపనిలో ఊరు దాటి పల్లెలోకి నడిచి వస్తుంటే, వ్యాకరణం ఇచ్చిన ఆ సమానత్వం దారిలో ఎక్కడా కనపడలేదు.

అప్పట్నుంచీ నాకు ఒకటే ప్రశ్న. రెండిటిని పక్కపక్కన పెడుతున్నది ఎవరు? దేన్ని చూపించడానికి, దేన్ని దాచడానికి?

'ఊరూవాడా కదిలింది' అన్నప్పుడు మధ్యలో ఉన్న ఎడం మాయమవుతుంది. అది దాచే పద్ధతి.

చూపించే పద్ధతి జాషువాది. 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపాడని చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. జాషువా ఆ మేఘం పక్కన గబ్బిలాన్ని తెచ్చి పెట్టాడు. యక్షుడిది విరహం, ఈ అరుంధతీ సుతుడిది ఆకలి, అవమానం. అపశకునమని జనం తరిమే పిట్టకు గుడిలో చోటుంది, మనిషికి లేదు. అందుకే శివుడికి విన్నపం దానితోనే పంపాడు. ఆ రెండు కబుర్లూ పక్కపక్కన చదివితే వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిందీ ఇదే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం, రెండిటినీ ఎదురెదురుగా నిలబెట్టి, ఈ వైరుధ్యాన్ని ఎన్నాళ్లు మోస్తామని అడిగాడు.

ఇప్పుడు మా దగ్గరికి రండి. చుండూరు మా వేమూరు నియోజకవర్గంలోదే. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. మనవాళ్లు చనిపోయినవాళ్లని చుండూరులోనే, బతికున్నవాళ్ల కళ్ల ముందే పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. మరిచిపోవడం కుదరకుండా చావునీ బతుకునీ పక్కపక్కన పెట్టారు.

2007 జూలై 31: చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది.
2014 ఏప్రిల్ 22: హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది.

ఈ రెండు వాక్యాల మధ్య నేను 'కానీ' కూడా పెట్టలేదు. చదివినవాళ్లకే ఆ ఎడం తగులుతుంది.

విద్యార్థి మిత్రులకు చివరిగా ఒక మాట. ఇలాంటి దాడి మళ్లీ జరిగిన రోజు 'ఇరువర్గాల ఘర్షణ' అనే మాట వస్తుంది. కొట్టినవాడినీ దెబ్బ తిన్నవాడినీ ఒకే సమాసంలో కూర్చోబెట్టే మాట అది. అదీ ద్వంద్వమే, సమాన ప్రాధాన్యమే! మీ కరపత్రంలోకి దాన్ని రానివ్వకండి. ఎవరి చేతిలో గొడ్డలి ఉందో, ఎవరి ఒంటి మీద గాయం ఉందో విడివిడిగా రాయండి. తర్వాత పక్కపక్కన పెట్టండి.

జై భీమ్.