మొరియార్టీ ఎన్ని కథలలో నున్నాడు?

అపరాధ పరిశోధక కథలను నాటకములుగను, చలనచిత్రములుగను మార్చువారికి చిరకాలపు అలవాటొకటి కలదు. మూలకర్త ఒకటి రెండు మారులు వాడి విడిచిన పాత్రను వారు విడువక పట్టుకొందురు. షెర్లాక్ హోమ్సు కథల చరిత్రయే ఇందులకు నిదర్శనము.

కానన్ డాయిల్ 1887 మొదలు 1927 వఱకు హోమ్సును గూర్చి 4 నవలలును, 56 కథలును ప్రకటించెను. ఇన్నింటిలో ఆచార్య మొరియార్టీ కుతంత్రము కథను నడపునవి రెండే: 1893 నాటి ‘ఫైనల్ ప్రాబ్లమ్’, 1914లో పత్రికయందు ఆరంభమైన ‘వ్యాలీ ఆఫ్ ఫియర్’. హోమ్సును వదలించుకొన గోరిన రచయిత, అంతటివానిని చంపుటకు తగిన శత్రువు కావలసి వచ్చి వానిని కల్పించెను. స్విట్జర్లండు జలపాతమువద్ద ఆ పని తీరినది. ఐరీన్ ఆడ్లర్ అను గాయని 1891లో ఒక్క కథయందే కనబడి, హోమ్సును ఓడించి వెడలిపోయినది.

1899లో అమెరికా నటుడు విలియం జిల్లెట్ హోమ్సును రంగస్థల మెక్కించినపుడు మొరియార్టీ ప్రతినాయకుడై నిలిచెను. ఇందుకు తప్పు పట్టరాదు. నాటకమున ఎదిరి యొకడు కంటికి కానవచ్చుచుండవలెను. అయితే ఆ అవసరము పిదప వాడుకయై పోయినది. 1939 నుండి 1946 వఱకు బేసిల్ రాత్‌బోన్ హోమ్సుగా నటించిన 14 చిత్రములలో మూడింట మొరియార్టీ వచ్చెను. మువ్వురు నటులు మాఱిరి గాని, మూడుమారులును ఎత్తునుండి పడియే మరణము. చావునందైనను క్రొత్తదనము చూపలేకపోయిరి! 2012లో ఆరంభమైన ‘ఎలిమెంటరీ’ అను అమెరికా ధారావాహికలో ఐరీనే మొరియార్టీ యని తేల్చిరి.

పాత్ర మరల మరల వచ్చుటయే దోషము కాదు. మన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ వెంట సహాయకుడు రాజు ఉండుట రచయిత తానే చేసిన యేర్పాటు. ఇతరులు తెచ్చి అతికించినపుడే చిక్కు. ‘రెడ్ హెడెడ్ లీగ్’ కథలో ఎఱ్ఱజుట్టు గల తాకట్టు వ్యాపారి యొకడు వారమునకు 4 పౌనుల కాసపడి విజ్ఞానసర్వస్వమునకు నకలు వ్రాయుచుండును. ఈలోపల అతని గుమాస్తా దుకాణమునుండి బ్యాంకునకు సొరంగము త్రవ్వును. 1985 నాటి బ్రిటిషు టెలివిజను రూపమున దీని వెనుకను మొరియార్టీనే నిలిపిరి. జెరెమీ బ్రెట్ నటన అద్భుతము. కాని అమాయకునికిని దొంగకును నడుమ జరిగిన కథ మహాకుట్రలో చిన్న ముక్కయై పోయెను.

మనకిది క్రొత్త కాదు. శకుని తండ్రి యెముకలతో పాచికలు చేసి కురువంశముపై పగ సాధించెనను కథ వ్యాసభారతమున లేదు. 1966 నాటి ‘శ్రీకృష్ణ పాండవీయము’లో ధూళిపాళ వారి శకునిని చూచి మెచ్చని వారెవరు? అయినను శకుని పగ పెరిగినకొలది దుర్యోధనుని అసూయ తఱిగిపోవును. పాప మొకని నెత్తికెత్తినచో తక్కినవారు తేలికపడుదురు.

‘స్పెకిల్డ్ బ్యాండ్’లో సవతి తండ్రి కూతుండ్ర సొమ్మున కాసపడి హత్య తలపెట్టును. అది లండను కుట్ర కాదు, ఇంటి లోపలి లోభము. అట్టిది మన కాప్రాలో ఏ యింటనైనను తలయెత్తవచ్చును. కథ భయము గొలుపుట అందువలననే. 1893 నాటి ‘యెల్లో ఫేస్’లోనైతే నేరమే లేదు. హోమ్సు ఊహ పూర్తిగా తప్పును. ఇకమీదట తనకు గర్వము ముదిరినచో ‘నార్బరీ’ అను ఆ యూరి పేరు చెవిలో చెప్పుమని అతడు వాట్సనును కోరును.