ఓక్ కాయలు దాచే వడ్రంగి పిట్ట: పరిశీలనల చరిత్ర

ఓక్ కాయలను చెట్టు బెరడులో దాచుకునే ఈ వడ్రంగి పిట్ట (మెలనెర్పిస్ ఫార్మిసివోరస్) అమెరికాలోని ఒరెగాన్ మొదలు కాలిఫోర్నియా, మెక్సికోల మీదుగా కొలంబియా దాకా కనిపిస్తుంది. 1827లో విలియం స్వెయిన్‌సన్ దీన్ని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించారు. తర్వాత దాదాపు వందేళ్లపాటు చూసినవారినల్లా ఆకట్టుకున్నది దాని గాదె చెట్టే. ఒకే మానుకు వేల రంధ్రాలు, రంధ్రానికో కాయ! అతి పెద్ద గాదెల్లో 50,000 దాకా రంధ్రాలు ఉంటాయని అంచనా.

పిట్టలు కాయలు దాచేది వాటిలో పట్టే పురుగుల కోసమని 19వ శతాబ్దంలో కొందరు గట్టిగా నమ్మారు. దగ్గరగా గమనించాక ఆ వాదం నిలవలేదు. పిట్ట కాయను పగలగొట్టి పప్పే తింటుంది, పిల్లలకూ పెడుతుంది. 1921లో హెన్రీ హెన్షా, విలియం రిటర్ ‘కాండార్’ పత్రికలో ఈ నిల్వల మీద వేర్వేరుగా వ్యాసాలు రాశారు. సముద్ర పరిశోధనకు పేరుపడ్డ స్క్రిప్స్ సంస్థకు తొలి సారథి అయిన రిటర్ ఈ పిట్ట వెంట ఏళ్ల తరబడి తిరిగి, 1938లో పుస్తకమే తెచ్చారు.

నిల్వ పని చాలా ఓపికతో కూడుకున్నది. పిట్ట కాయను ముక్కున కరచుకుని వచ్చి, మొన లోపలికి పోయేలా రంధ్రంలో పెట్టి చూస్తుంది. వదులైతే తీసి మరో దాంట్లో పెడుతుంది. సరిపోయిందంటే ముక్కుతో కొట్టి బిగిస్తుంది. అంత బిగువుగా ఉంటేనే ఉడతలూ జే పిట్టలూ లాక్కుపోలేవు. కాయ ఎండి కుంచించుకుపోతే దాన్ని ఇంకా చిన్న రంధ్రంలోకి మార్చాలి. రంధ్రాలు ఎక్కువగా చలికాలంలో తొలుస్తాయి. ఏడాదికి కొత్తగా చేరేవి తక్కువే కాబట్టి పెద్ద గాదె తరతరాల కష్టం. ఎండిన కొమ్మల్లో, మందపాటి బెరడులో తొలుస్తాయి గనుక బతికున్న చెట్టుకు పెద్దగా హాని ఉండదు.

అసలు మలుపు కాలిఫోర్నియాలోని కార్మెల్ లోయలో వచ్చింది. అక్కడి హేస్టింగ్స్ అభయక్షేత్రంలో మైకేల్, బార్బరా మెక్‌రాబర్ట్స్ దంపతులు చేసిన అధ్యయనం 1976లో వెలువడింది. వాల్టర్ కోనిగ్ బృందం పిట్టల కాళ్లకు రంగు కడియాలు తొడిగి, ఏ పిట్ట ఏ గుంపుదో దశాబ్దాలుగా నమోదు చేస్తూ వచ్చింది. దాంతో ప్రశ్న కూడా మారింది: ఏం దాస్తోంది అన్నది పోయి, ఆ గాదె ఎవరిది అన్నది ముందుకొచ్చింది. అది గుంపు ఉమ్మడి ఆస్తి. అందులో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, ఎదిగిన పిల్లలు కలిసే ఉంటారు. అయితే ఈ ఉమ్మడి కాపురంలో పోటీ కూడా తీవ్రమే. ఒకే తొర్రలో గుడ్లు పెట్టే ఆడపిట్టలు ముందుగా పెట్టిన వాటి గుడ్లను బయటికి తీసి పాడుచేస్తాయని 1983లో ‘నేచర్’ పత్రిక ద్వారా వెల్లడైంది.

గుంపులో సంతానం కనే పిట్ట చనిపోతే ఆ స్థానం కోసం పొరుగు గుంపుల తోబుట్టువులు జట్టుకట్టి రోజుల తరబడి పోరాడతాయి. సహస్ బర్వే తదితరులు రేడియో ట్యాగులతో చేసి 2020లో ప్రచురించిన పరిశోధనలో, ఆ పోరు చూడటానికే 3 కిలోమీటర్ల దూరం నుంచి పిట్టలు వచ్చినట్టు తేలింది.

ఓక్ చెట్ల కాపు ఈ పిట్టల సంఖ్యను శాసిస్తుంది. ఓక్ రకాలు ఎక్కువున్న చోట ఒకటి కాయకపోయినా మరొకటి కాస్తుంది కాబట్టి గుంపులు నిలకడగా ఉంటాయి. కాపు పూర్తిగా పోయిన ఏడాది మాత్రం గాదెను వదిలేసి వలస పోవాల్సిందే.