రాత్రి డ్యూటీ: ఒక ఆసుపత్రి ధారావాహిక మొదటి విడత

ఆసుపత్రిని గూర్చిన కథలో రోగం ఎవరిదని అడిగితే, మంచంమీద పడుకున్నవాడిదే అని ఎవరైనా చెబుతారు. కాదు, ఆసుపత్రికే జబ్బు చేసిందని చెప్పడానికి పూనుకున్న ధారావాహిక ఒకటి 1986 సెప్టెంబరు 6న, శనివారం రాత్రి, బ్రిటిష్ టెలివిజన్‌లో మొదలయింది. పేరు 'క్యాజువాలిటీ'. బి.బి.సి. దానిని మూడు దశాబ్దాలు దాటినా ఆపలేదు. ఆ సముద్రమంతా ఈదే ఓపిక నాకు లేదు. ఆ ఏడాది డిసెంబరు చివరికి ముగిసిన మొదటి విడత పదిహేను భాగాలను గూర్చి మాత్రమే మాట్లాడదలచాను. తెలుగు సాహిత్యం పాఠం చెప్పుకునే నాకు వారపత్రికల సీరియల్ నవలపై చాలాకాలంగా ఒక అనుమానం వున్నది. ఆ పదిహేను భాగాలూ వరసగా చూశాక అది బలపడింది.

క్యాజువాలిటీ అనే మాట మనకు కొత్తది కాదు. ఉస్మానియాకో, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికో అర్ధరాత్రి పరుగెత్తినవారందరికీ అది తెలిసిన గదే. అయితే మన కథల్లో ఆ గదికి చోటు తక్కువ. మన సినిమాలో ఆసుపత్రి అంటే ఆపరేషను థియేటరు తలుపు, పైన ఎర్రదీపం, బయట ఏడ్చే ఆడవాళ్లు, చివరకు కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చే డాక్టరు. 'డాక్టర్ చక్రవర్తి' (1964) వంటి మంచి చిత్రంలో సైతం వైద్యవృత్తి నాయకుని ఔదార్యానికి అలంకారమే గాని పని కాదు. స్ట్రెచరు తోసేవాడికి జీతమెంత అని మన కథ ఎన్నడూ అడగలేదు.

బ్రిటన్‌లో ఆ ప్రశ్న వెనుక ఒక చరిత్ర వున్నది. జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5న ప్రారంభమయింది. దానిని నెలకొల్పిన మంత్రి అన్యూరిన్ బెవన్, వేల్స్‌లోని ట్రెడీగర్ అనే ఊరి గనికార్మికుని కొడుకు. చిన్నతనంలో తానూ గనిలో దిగినవాడు. ఆ ఊరి కార్మికులు తమ జీతాల్లోంచి చందాలు వేసుకుని నడుపుకున్న వైద్య సహాయ సంఘమే ఆయనకు నమూనా. రోగి చేతిలో కాసు వున్నదా లేదా అని చూడకుండా, పన్నుల సొమ్ముతో అందరికీ వైద్యం అందించాలన్నది సూత్రం. కళ్లజోళ్లకూ కట్టుడుపళ్లకూ రుసుము పెట్టబోతే, 1951లో బెవన్ మంత్రిపదవినే వదులుకున్నాడు. ముప్పై యేళ్ల తరువాత థాచర్ ప్రభుత్వం అదే సంస్థ నిర్వహణపై సలహా కోసం సేన్స్‌బరీ పచారీ దుకాణాల అధికారి రాయ్ గ్రిఫిత్స్‌ను పిలిచింది. ఫ్లారెన్స్ నైటింగేల్ దీపం పట్టుకుని ఇవాళ ఈ నడవాల్లో తిరిగితే, బాధ్యత వహించే మనిషి ఎవరా అని వెతుక్కోవలసివస్తుందన్న అర్థం వచ్చేట్లు ఆయన 1983 నాటి నివేదికలో చమత్కరించాడు. మందు ఏమిటంటే మేనేజర్లు. అదే యేట ఊడ్పు, వంట, బట్టల ఉతుకు పనులకు ప్రైవేటు టెండర్లు పిలవమని ఆసుపత్రులకు ఉత్తర్వు వెళ్లింది. పొదుపు ఎప్పుడూ చీపురు పట్టుకున్నవాడి దగ్గరే మొదలవుతుంది కాబోలు!

జెరెమీ బ్రాక్, పాల్ అన్విన్ అనే ఇద్దరు యువకులు బి.బి.సి.కి ఇచ్చిన ప్రతిపాదనలో వినిపించేది ఈ కాలమే. 1948లో పుట్టిన కల 1985 నాటికి చింకిపాతలయిందని వారు రాశారు. వినోద కార్యక్రమం కోసం రాసిన కాగితంలా లేదది, కరపత్రంలా వున్నది. గనికార్మికుల ఏడాది సమ్మె ఓడిపోయింది ఆ సంవత్సరం మార్చిలోనే అని పాఠకులు జ్ఞాపకం వుంచుకోవాలి.

కథాస్థలం హోల్బీ అనే కల్పిత నగరం. దానికి మూలం బ్రిస్టల్. కథంతా క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ చేసే బృందానిది. ఆ రాత్రి డ్యూటీనే ఎత్తివేస్తారేమోనన్న భయం విడత పొడుగునా వారి నెత్తిన వేలాడుతూ వుంటుంది. మొదటి భాగంలో రేవులో రసాయనవాయువు వెలువడి, దెబ్బతిన్నవారు వార్డుకు వస్తారు. దానిని చూస్తే భోపాల్ గుర్తుకు రాక మానదు. భోపాల్ జరిగి అప్పటికి రెండేళ్లు నిండలేదు. ఇంకొకరయితే ప్రమాదాన్నే కథ చేసివుండేవారు. ఇక్కడ ప్రమాదం తలుపు తోసుకు వస్తుంది. కథ మాత్రం తలుపుకు ఇవతల, చాలని చేతుల మధ్య జరుగుతుంది.

ఆ చేతులెవరివో చూడండి. కథకు ఇరుసు డాక్టరు కాదు, చార్జి నర్సు చార్లీ ఫెయిర్‌హెడ్. నర్సు అనగానే స్త్రీ మూర్తినే ఊహించుకునే దేశంలో ఒక మగనర్సును, అతని అలసటను, అతని విసుగును నడిమధ్య నిలపడం చిన్న సాహసం కాదు. అతని పక్కన మెగన్ రోచ్, ఐరిష్ స్త్రీ, స్టేట్ ఎన్రోల్డ్ నర్సు. ఈ హోదా గూర్చి ఒక మాట చెప్పాలి. మూడేళ్ల శిక్షణ పొందిన నర్సుకు పై మెట్లు వుండేవి. రెండేళ్ల శిక్షణ పొందిన ఎన్రోల్డ్ నర్సుకు దాదాపు వుండేవి కావు. వెస్టిండీస్‌నుంచి వచ్చిన నల్లజాతి యువతులను ఎంతమందినో ఈ రెండో దారిలోకే మళ్లించారు. చాకిరీ ఒకటే, గౌరవం రెండు రకాలు. బ్రెండా ఫ్రికర్ (తరువాత 'మై లెఫ్ట్ ఫుట్' చిత్రానికి ఆస్కార్ పొందిన నటి) మెగన్ పాత్రలో ఆ అన్యాయం మీద ఉపన్యాసమివ్వదు. వార్డులో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి అందరికంటే కింది మెట్టున వుండడం మనకు కనిపిస్తుంది, అంతే. పోర్టరు కూబా పోలండువాడు, నర్సు క్లైవ్ కింగ్ నల్లజాతివాడు. అంబులెన్సువాళ్లు, రిసెప్షనులో కూర్చున్న అమ్మాయి కూడా ప్రధాన పాత్రలే. పెద్ద డాక్టరు యూవర్ట్ ప్లిమర్ సమయమంతా డబ్బు కోసం పై అధికారులతో పోరాడడానికే సరిపోతుంది. అధికారపక్షపు నాయకులు ఇది కథ కాదు, ప్రచారమని కోపగించుకున్నారంటే, దెబ్బ తగలవలసినచోట తగిలిందనే అనుకోవాలి.

ఆ బృందంలో లేనివారిని గూర్చి కూడా చెప్పాలి. పది ముఖ్య పాత్రల్లో ఒక్క భారతీయ వైద్యుడు లేడు. గుంటూరులోనో, కర్నూలులోనో, హైదరాబాదులోనో ఎం.బి.బి.ఎస్. చదివి వెళ్లిన తెలుగువారితో సహా మన ఉపఖండపు వైద్యులు ఆ సేవకు నాటికే వెన్నెముకలో భాగం. వేల్స్ గనిలోయల్లో, పారిశ్రామిక పట్టణాల్లో అక్కడి డాక్టర్లు వెళ్లనొల్లని చోట్ల ఆసుపత్రులు, చికిత్సాలయాలు నడిపింది వారే. బెవన్ సొంత గడ్డమీద బెవన్ కలను మోసినవారు బెవన్ పక్షాన రాసిన కథలో కనిపించకపోవడం నాకు చిన్న లోపంగా తోచలేదు.

ఇక నా అనుమానం సంగతి. విడత చివరి భాగం పేరు 'క్లోజర్', అంటే మూసివేత. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో రెండో విడత మొదలయింది. చార్లీ అక్కడే వున్నాడు, మెగన్ అక్కడే వున్నది. ఉండక తప్పదు. వచ్చే శనివారం కథ వుండాలంటే వార్డు తెరచివుండాలి. ధారావాహిక రూపానికి వున్న నిర్బంధమిది. ప్రతి వారం సిబ్బంది చాలరు, మంచాలు చాలవు, డబ్బు చాలదు. ప్రతి వారం తెల్లవారేసరికి ఎలాగో సరిపెడతారు. చాలదని రచయితలు అన్నారు. సరిపోతోందని రూపం అన్నది. పదిహేను రాత్రులు సరిపెట్టిన నర్సును చూసిన ప్రేక్షకుడికి ఆమెపై అపారమైన ప్రేమ కలుగుతుంది. కోత విధించినవాడిపై కలగవలసిన ఆగ్రహం ఆ ప్రేమలో కరిగిపోతుంది. మన వారపత్రికల నవలల్లో అత్తింటి బాధలు యాభై వారాలు ఓర్చిన కోడలికి పాఠకలోకం పట్టిన నీరాజనం ఇలాంటిదే. ఓర్పు ఎంత గొప్పగా చిత్రిస్తే ఆ బాధ అంత భరించదగినదిగా కనిపిస్తుంది. వాస్తవికతను వస్తువులోనే వెతికి, రూపాన్ని పాత్రసామగ్రిలా చూసే మన విమర్శకు (నేనూ ఆ బడిలో చదివినవాడినే) ఈ సంగతి అంతగా పట్టలేదు.

తరువాతి విడతల్లో ప్రేమలు, పెళ్లిళ్లు, పేలుళ్లు పెరిగాయి. 1999లో 'హోల్బీ సిటీ' అనే పిల్ల ధారావాహిక పుట్టి 2022లో ముగిసింది. మొదటి భాగంనుంచీ చార్లీగా నటించిన డెరెక్ థామ్సన్ 2024 మార్చిలో వీడ్కోలు తీసుకున్నాడు.

2020 మార్చిలో కోవిడ్ ముంచుకొచ్చినప్పుడు లండన్‌లో ఒక ప్రదర్శనశాలను హడావుడిగా తాత్కాలిక ఆసుపత్రిగా మార్చి నైటింగేల్ పేరు పెట్టారు. దానికి వెంటిలేటర్లు కావలసివచ్చాయి. 'హోల్బీ సిటీ' చిత్రీకరణలో వాడుతున్న, నిజంగా పనిచేసే వెంటిలేటర్లను దాని నిర్మాతలు ఆ ఆసుపత్రికి ఇచ్చారు. ఆ నెల 26నుంచి పది గురువారాలపాటు రాత్రి ఎనిమిది గంటలకు జనం గుమ్మాల్లో నిలబడి ఆరోగ్య సిబ్బందికి చప్పట్లు కొట్టారు. మరుసటి మార్చిలో ప్రభుత్వం వారికి ప్రతిపాదించిన జీతపు పెంపు నూటికి 1. గొడవ జరిగాక జూలైలో దానిని 3 చేశారు. 2022 డిసెంబరు 15న నర్సుల సంఘం సమ్మెకు దిగింది. ఇంగ్లండులో ఆ సంఘానికి అదే మొదటి సమ్మె.